మార్చి జ్వరం

కైలీ ఊరి చివర కొండవాలున ఉన్న ఆ టీచర్ల కాలేజీలో, ఇంగ్లిషు శాఖకి ఏటా మార్చిలో జ్వరం వచ్చేది. అందరికీ కాదు. ఆఖరి సంవత్సరం పిల్లల్లో ఎవరో కొందరికి, అదీ ఎనిమిదో స్థాయి పరీక్ష జరిగే శనివారం పొద్దున. పరీక్ష ముగిసి గంట కొట్టేసరికి జ్వరం దిగిపోయేది. మధ్యాహ్నానికి ఆ రోగులే కొండ దిగి, బజారులో ఎర్రటి కారం కలుపుకుని బియ్యపు సేమ్యా తింటూ కనిపించేవాళ్ళు. ఈ జ్వరానికి ఏ వైద్యుడూ పేరు పెట్టలేదు గానీ, శాఖలో పనిచేసేవాళ్ళందరికీ దాని లక్షణాలు తెలుసు. తెప్పించేది వాళ్ళే కదా.

సంగతి ఏమిటంటే, ఇంగ్లిషునే ప్రధానంగా చదివిన పిల్లలకి ఎనిమిదో స్థాయే ఆఖరి పరీక్ష. నూటికి అరవై వస్తే గట్టెక్కినట్టు. తప్పితే మరుసటి ఏడు ఇంకొక్కసారి రాయనిస్తారు, అంతే, ఆపైన జన్మలో లేదు. పరీక్షకి కూర్చున్నవాళ్ళలో నూటికి ఎందరు గట్టెక్కారన్నది కాలేజీ పరువు. కూర్చోనివాళ్ళు లెక్కలోకి రారు. కాబట్టి గట్టెక్కరనుకున్నవాళ్ళకి ఆ పొద్దున ఒళ్ళు కాలాలి.

పూర్వం ఈ దేశంలో రాజుగారి కొలువుకి పెట్టే పరీక్షలంటే మనిషినొక ఇరుకు కొట్లో పెట్టి బయట తాళం వేసేవారు. చాపా, తిండీ, దీపమూ ఎవరివి వాళ్ళే మోసుకెళ్ళాలి. తల నెరిసిన తాతలు మనవల ఈడువాళ్ళ పక్కన కూర్చుని రాసేవారట. లోపలే ప్రాణం పోతే శవాన్ని చాపలో చుట్టి గోడ మీదుగా అవతలికి దించేవారని చెప్పుకుంటారు. అంత కఠినమైన కాలంలో కూడా, ఇంటి దగ్గరే ఉండి జ్వరం తెచ్చుకోమని ఎవరూ ఎవర్నీ బతిమాలినట్టు ఎక్కడా కనబడదు.

పిల్లలకి ఈ జ్వరం కబురు చెప్పే పని రువాన్ షూలాన్‌ది. వినికిడి పాఠమూ, తప్పులు దిద్దే పాఠమూ చెప్పేది ఆవిడే గనక, ఎవరు మునుగుతారో ఆవిడకే ముందు తెలుస్తుంది. పొట్టి మనిషి. గొంతు మాత్రం రైలు కూతలా కొండ అవతలికి కూడా వినిపిస్తుంది. రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగింది. చిన్నప్పుడు రేడియోలో పొద్దున్నే వచ్చే ఇంగ్లిషు పాఠాలు వింటూ, పక్కింటివాళ్ళు గోడ బాదుతున్నా లెక్కచెయ్యకుండా గట్టిగా వల్లించి, ఆ భాషని పంతం పట్టి సాధించింది. పిల్లలు చాటుగా ఆవిడకి పెట్టుకున్న పేరు "పంక్తికో తప్పు".

ఆ పేరు పరీక్ష నుంచే వచ్చింది. తప్పులు దిద్దే భాగంలో ఒక వ్యాసం ఇస్తారు. గుర్తు పెట్టిన ప్రతి పంక్తిలోనూ ఒక తప్పు దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకుని, కొట్టేసి, సరైనది పక్కన రాయాలి. ఇన్నేళ్ళుగా అదే నేర్పి నేర్పి, రువాన్ కళ్ళు దేన్ని చూసినా అలాగే చూడసాగాయి. హోటలు బోర్డులో తప్పు, కోడలి వంటలో తప్పు, మొగుడి నడకలో తప్పు. సిటీ బస్సు నడిపి రిటైరైన లావో తాన్ ఆ మొగుడు.

"నాలో కనీసం ఒక్క పంక్తయినా బాగుందా?" అని అడిగాడు ఆయన ఒకసారి, చొక్కా గుండీ గురించి మాట పడ్డాక.

"ఎందుకు లేదు! నిద్రపోయేటప్పుడు బాగుంటావు."

"గురక పెడతానుగా."

"అదే, ఆ పంక్తిలోనూ ఉంది తప్పు."

అలాంటి రువాన్ క్లాసులో, ఆ ఏడు చలికాలం చివర్లో, లుంగ్ చున్యె అనే పిల్ల అభ్యాసపత్రంలో ఒక పంక్తి ఖాళీగా వదిలేసింది. కొండ మీది మియావ్ తెగవాళ్ళ పల్లెనుంచి వచ్చిన పిల్ల. బుగ్గలు ఎప్పుడూ చలికి పగిలి ఎర్రగా ఉండేవి. నోరు విప్పడం తక్కువ.

"ఇదేమిటి, ఖాళీ?" అంది రువాన్ కాగితం ఎత్తి చూపిస్తూ.

"అందులో తప్పు లేదు టీచర్."

క్లాసు గొల్లుమంది.

"గుర్తు పెట్టిన పంక్తిలో తప్పు ఉండి తీరుతుంది. నాలుగేళ్ళుగా ఇక్కడ ఏం చేస్తున్నావమ్మా, పిచ్చుకల్ని లెక్కపెడుతున్నావా?"

"ఉండే ఉంటుంది టీచర్. నాకు కనబడలేదు."

"కనబడకపోతే ఏదో ఒక మాట కొట్టెయ్యవే!" అంది పక్క బెంచీలోంచి ఫెయ్ యున్, హాస్టల్లో చున్యె పై మంచం మీద పడుకునే పిల్ల. "గుడ్డిదెబ్బ తగిలితే మార్కు, తగలకపోతే నీ సొమ్మేం పోయింది?"

"మంచి మాటని కొట్టేస్తే?"

"అబ్బో, దానికి నొప్పెడుతుంది కాబోలు! ఆయింట్‌మెంటు తెచ్చి రాయి."

మళ్ళీ నవ్వులు. చున్యె కూడా కొంచెం నవ్వింది గానీ, పెన్ను మాత్రం తియ్యలేదు. "మొండితనానికి పరీక్ష పెడితే దేశంలో నువ్వే ఫస్టు," అని రువాన్ ఆ పంక్తి మీద సున్నా చుట్టి పక్క పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సున్నా పెట్టేటప్పుడు మిగతా కాగితాలు గుర్తొచ్చాయి. ఆ పంక్తిలో తప్పు పట్టుకున్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో. మిగతా క్లాసంతా బాగున్న మాటల్ని వరసపెట్టి నరికేసింది.

మరో వారానికి శాఖాధిపతి యెన్ పిలిపించాడు. యెన్ చెడ్డవాడు కాదు. టీ ఆకులు తేలే గాజు సీసాని రోజంతా రెండు చేతులతో పట్టుకుని తిరిగే మెత్తని మనిషి. ఏ విషయమూ ముక్కుసూటిగా మాట్లాడలేడు.

"రువాన్ మేడం, ఈ ఏడు చలి ఇంకా పోయేలా లేదు," అన్నాడు కిటికీ వైపు చూస్తూ. "పిల్లల్లో ఎవరెవరికి ఒంట్లో నలత చేస్తుందంటారు?"

"మీరే చెప్పండి సార్."

"ఆ పల్లె పిల్ల, చున్యె. నోట్లో నాలుక లేనిది, చెప్పడం తేలిక. ఇంకో ముగ్గురు ఉన్నారు." సీసా మూత తీసి, ఊదుకుని, మళ్ళీ పెట్టేశాడు. "మీకు తెలియనిదేముంది? చేరేవాళ్ళు ఏటికేడు తగ్గుతున్నారు. ఫోనుతో మనం మన భాషలో మాట్లాడితే అదే ఇంగ్లిషులో చెప్పేస్తోంది, ఇక మీ శాఖ దేనికని పైవాళ్ళు అడుగుతున్నారు. ఈసారి ఫలితం కూడా పడిపోయిందంటే మూసేస్తారు. అప్పుడు మనిద్దరం చరిత్ర పాఠాలు చెప్పుకోవాలి."

రువాన్ సరేనని వచ్చేసింది. ఏటా చేసే పనే.

చున్యె ఖాళీగా ఉన్నప్పుడల్లా మేనత్త కొట్లో ఉంటుంది. పాన్ అత్తది పులుసు చేపల కొట్టు. బియ్యం కడిగిన నీళ్ళని కుండలో పులియబెట్టి, అచ్చం మన తరవాణిలా, అందులో వరి మడిలో పెరిగిన చేపని వేసి బల్ల మీదే ఉడకబెట్టి పెడతారు. కైలీలో పుట్టినవాళ్ళు ఆ పులుపు పడకుండా రెండు రోజులుంటే మూడోరోజు నడవలేరు. రువాన్ వెళ్ళేసరికి మధ్యాహ్నం జనం వెళ్ళిపోయారు. చున్యె వెనక తొట్టి దగ్గర పీట వేసుకుని చేపల పొలుసు గీకుతోంది. అడక్కుండానే అత్త ఒక గిన్నె తెచ్చి టీచర్ ముందు పెట్టింది.

"శనివారం పొద్దున చలి గట్టిగానే ఉంటుంది," అని మొదలుపెట్టింది రువాన్.

"అవును టీచర్."

"కొంతమందికి జ్వరాలు వస్తుంటాయి."

"నాకు రాదు టీచర్."

"దీని ఒళ్ళు గేదె ఒళ్ళు టీచరమ్మా," అంది అత్త గర్వంగా. "ఊళ్ళో అందరూ మంచాన పడ్డ ఏడు కూడా ఇది తుమ్మలేదు."

యెన్ పద్ధతి ఇక్కడ పనికిరాదని రువాన్‌కి అర్థమైంది. విడమర్చి చెప్పేసింది. చున్యె చేతిలో కత్తి ఆగింది. అత్త మొహం ముడుచుకుంది.

"అంటే, జ్వరం ఉందని చెప్పాలా?"

"అందరూ చెప్పేదేనమ్మా. నీకూ మంచిదే, తప్పానన్న మాట ఉండదు."

"లేదు కదా టీచర్," అంది చున్యె. ఎదురు చెప్పినట్టు లేదు, బజారులో ఉప్పు లేదని చెప్పినట్టు ఉంది. "ఉంటే ఉందని చెబుతాను. మా ఊరి బడిలో ఇంగ్లిషు చెప్పేవాళ్ళు లేరు. లెక్కల మాస్టారే కళ్ళజోడు తుడుచుకుంటూ ఆ పుస్తకం కూడా చదివి వినిపిస్తాడు. ఈ పరీక్ష పాసైతే ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టనిస్తారు. రాసి తప్పితే తప్పానంటాను. రాయకుండా ఎలా తప్పుతాను?"

రువాన్ గిన్నె పూర్తిచెయ్యకుండానే లేచింది. కొండ ఎక్కుతూ ఉంటే సన్నటి తుంపర. ఆ పిల్ల అన్న మాట ఎక్కడో విన్నట్టే ఉంది. సగం దారిలో గుర్తొచ్చింది. ఖాళీ పంక్తి దగ్గర కూడా ఇదే గొంతు, ఇదే మాట. లేని తప్పు రాయలేని పిల్ల లేని జ్వరం ఎక్కడినుంచి తెస్తుంది? తను ఇన్నేళ్ళలో ఒక్క పంక్తినయినా ఇది బాగానే ఉందని వదిలేసిందా? మనుషుల్నయినా వదిలిందా? గుర్తు పెట్టి ఇచ్చారు గనక తప్పు ఉండే ఉంటుందనుకుంది. యెన్ గుర్తు పెట్టిన పేర్లన్నిటినీ అలాగే ఏటా కొట్టేస్తూ వచ్చింది.

ఆ సాయంత్రమే యెన్ గదికి వెళ్ళింది. కూర్చోలేదు.

"ఈ ఏడు నా క్లాసులో ఎవరికీ జ్వరం రాదు సార్."

యెన్ సీసా బల్ల మీద పెట్టాడు. అతను దాన్ని చేతిలోంచి దించడం రువాన్ చూసింది అదే మొదలు. "శాఖ పోతే?"

"చరిత్ర చెబుతాను. అందులో పంక్తికి రెండు తప్పులు దొరుకుతాయి."

"ఇది నవ్వులాట కాదు మేడం. ఆ పిల్ల తప్పితే నేను మీ పేరే చెప్పాల్సి వస్తుంది."

"చెప్పండి. రువాన్ షూలాన్. ల కి దీర్ఘం మర్చిపోకండి."

అనడం అనేసింది గానీ, పరీక్ష నెత్తి మీదికి వచ్చేసింది. చున్యెకి అసలు అడ్డంకి వినికిడి భాగం. ఒక ఉపన్యాసం వినిపిస్తారు, ఒక్కసారే. దాని సారాంశం ముందే అచ్చువేసి మధ్యమధ్య ఖాళీలు వదిలి ఇస్తారు. వింటూనే నింపాలి. చున్యెకి ఉపన్యాసం అర్థం కాకపోవడం కాదు. అయిపోయాక అడిగితే కథలా చెప్పేస్తుంది. కానీ వింటున్నప్పుడు ఒక ఖాళీ దగ్గర మాట జారిపోయిందంటే, దాన్నే వెతుక్కుంటూ అక్కడే నిలబడిపోతుంది. ఈలోగా మరో నాలుగు జారిపోతాయి. మంచిదాన్ని కొట్టనిదీ, పోయినదాన్ని వదలనిదీ ఒకే మొండితనం.

అత్తకి పనిమనిషి లేదు, సీజను మాంచి ఊపులో ఉంది, చున్యె కొట్టు వదిలి రానంది. అయితే కొట్లోనే, అంది రువాన్. మధ్యాహ్నం, సాయంత్రం జనానికి మధ్యనున్న వేళ రోజూ వచ్చి, ముక్కాలిపీట మీద కూర్చుని, రైలు కూత గొంతుతో ఉపన్యాసం చదివేది. చున్యె చేతులు చేపల్లో ఉండేవి. పెన్ను పట్టుకునే వీల్లేదు. విన్నదంతా బుర్రలో మోసుకుని, చేతులు కడుక్కుని వచ్చి అప్పుడు ఖాళీలు నింపాలి. మొదట్లో కడుక్కునేలోపే సగం కారిపోయేది.

"సముద్రపు గవ్వల గురించి ఏదో అన్నారు టీచర్, ఆ మాట..."

"పోయింది. తరవాతది?"

"అది గుర్తొస్తే..."

కిటికీ పక్కన కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్న లావో తాన్ అందుకున్నాడు. పెళ్ళాన్ని వానలో ఒంటరిగా పంపనని వ్యానులో దించడానికి వచ్చేవాడు, చేప తినడానికి ఉండిపోయేవాడు. "ఇదిగో పిల్లా, బస్టాపులో మీబోటివాళ్ళని రోజూ చూశాను. పోయిన బస్సు వెనకాల అరుస్తూ పరిగెత్తుతారు. ఆ పరుగులో వెనక వస్తున్న ఖాళీ బస్సు కనబడదు. నేను అద్దంలో చూసి నవ్వుకునేవాణ్ణి."

"ఆపకుండా నవ్వుకుంటూ పోయేవాడివా?" అంది రువాన్.

"తప్పే. రాసుకో పంక్తిలో."

చున్యె నవ్వింది. ఆ రోజునుంచి మాట జారినప్పుడల్లా చేతిలో చేపని తొట్టిలోకి ఠపీమని విసిరేసి, తరవాతది అందుకునేది. అత్త గోల పెట్టేది, "చేపలేం చేశాయే నిన్ను!" అని. పరీక్ష దగ్గరపడేసరికి కొట్లోకి తొందరగా వచ్చిన తాగుబోతు గుంపు కప్పులెత్తి పాటలు పాడుతున్నా, ఆ పిల్ల చెవి మాత్రం టీచర్ గొంతు దగ్గరే ఉండేది. ఖాళీలు సగానికి పైగా నిండసాగాయి. అరవై అందుతుందా? అందుతుందని రువాన్ అనలేదు, అందదనీ అనలేదు.

పరీక్షకి ముందురోజు చలి మళ్ళీ విరుచుకుపడింది. మంచు కలిసిన వాన. చేపలు తెచ్చే బండి కొండ కింద బురదలో ఆగిపోతే, చున్యె తడుస్తూ పెట్టెలన్నీ మోసుకొచ్చింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర రువాన్ ఆ పిల్ల మొహం చూసి నుదుటి మీద చెయ్యి వేసింది. పెనంలా కాలుతోంది.

పుట్టి బుద్ధెరిగిన తరవాత ఎరగని జ్వరం, సరిగ్గా ఆ శనివారం.

యెన్ గొడుగు కింద గబగబా వచ్చాడు. చున్యె ఎర్రటి కళ్ళు చూడగానే అతని మొహం విప్పారింది. "చూశారా మేడం, నేను అన్నానా! పోన్లెండి, తెలివైన పిల్ల. అమ్మాయ్, వెళ్ళి పడుకో."

"ఇది నిజం జ్వరం సార్," అంది రువాన్.

"నిజమా?" యెన్ తడబడ్డాడు. ఇన్నేళ్ళలో నిజం జ్వరానికి ఏం చెయ్యాలో అతనికి తెలిసే అవసరం రాలేదు. "అయితే... మరీ మంచిది. అంటే, మరీ చెడ్డది. ఆస్పత్రికి తీసుకెళ్ళండి."

రువాన్ పిల్ల భుజాలు పట్టుకుంది. వెనక్కి పొమ్మనాలా, లోపలికి పొమ్మనాలా? ఈ చలికి ఏదైనా అయితే? వాళ్ళ అత్తకి ఏం చెప్పాలి?

"చెప్పమ్మా. జ్వరం ఉంది కదా?"

"ఉంది టీచర్," అంది చున్యె. "ఉందని చెప్పాను కదా. ఇక వెళ్ళొస్తాను." మెడలోని రేడియో హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, గేటు దాటి మెట్లెక్కింది. మధ్యలో ఒకసారి కమ్మీ పట్టుకుని ఆగింది. వెనక్కి చూడలేదు.

వినికిడి భాగం గొంతు కాలేజీ రేడియోలో వస్తుంది. పిల్లలు హెడ్‌ఫోన్లలో పట్టుకుంటారు. గాలిలో వచ్చేది గనక ఆవరణ దగ్గర ఏ రేడియో తిప్పినా తగులుతుంది. లావో తాన్ వ్యాను గోడ పక్కన ఆపి ఉంచాడు. రువాన్ ఎక్కి, తలుపు వేసి, రేడియో తిప్పింది. గరగర, తరవాత నిశ్శబ్దం.

అద్దం మీద ఎవరో తట్టి, తలుపు తీశారు. యెన్. గొడుగు విరిగింది, జుట్టులోంచి నీళ్ళు.

"మేడం, దీన్ని నేను ఇలా వదలను. మీరు..."

"ఎక్కు సార్, లేకపోతే తలుపు వెయ్యి," అన్నాడు లావో తాన్. "లోపల మొదలైపోతోంది."

యెన్ ఎక్కాడు. గొంతు మొదలైంది. రువాన్ ఒళ్ళో కాగితం పెట్టుకుని రాసుకోసాగింది. తగువు ఆడటానికి వచ్చినవాడు మాట్లాడే వీల్లేక తనూ జేబులోంచి పెన్ను తీశాడు. పేజీలకు పేజీలు ఇంగ్లిషు వ్యాసాలు రాసిన మనిషి. కానీ ఒక్కసారే చెప్పి వెళ్ళిపోయే గొంతు వెంట అతను పరిగెత్తి ఎన్నాళ్ళయిందో! కాసేపటికి పెన్ను ఆగింది. తల వంచి వెతుక్కున్నాడు, ఎత్తేసరికి ఉపన్యాసం వంతెన దాటి అవతలి గట్టున ఉంది.

"ఇంత వేగంగా చెబుతారా?" అన్నాడు గుసగుసగా.

"ష్," అంది రువాన్.

లోపల ఎక్కడో, ఒళ్ళు కాలిపోతున్న ఒక పిల్ల చెవుల్లో ఇదే గొంతు ఈ క్షణానే పడుతోంది. రువాన్ ఒక మాట దగ్గర తను కూడా తడబడింది. జారిపోయింది. చెయ్యి ఊరికే గాలిలోకి విసిరింది, చేతిలో చేప ఉన్నట్టు, తరవాతది అందుకుంది.

గొంతు ఆగిపోయింది. యెన్ తన కాగితం వైపు చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎన్ని నిండాయో ఎవరూ అడగలేదు. "ఆ అమ్మాయి బయటికి రాగానే ఆస్పత్రికి ఈ వ్యానులోనే తీసుకెళ్దాం," అన్నాడు. "నేను ముందు కూర్చుంటాను."

ఫలితాలు వానలు ముదిరాక వచ్చాయి. చున్యెకి అరవై అందలేదు, కొద్దిలో పోయింది. యెన్ పేర్కొన్న మిగతా ముగ్గురిలో ఒకమ్మాయి గట్టెక్కింది, ఆ అమ్మాయి కూడా జ్వరంతో ఇంట్లో ఉండాల్సినదే. కాలేజీ శాతం కిందికి జారింది. పైవాళ్ళు ఉత్తరం రాశారు. యెన్ జవాబు రాశాడు. అందులో రువాన్ పేరు లేదు. శాఖని ఆ ఏడు ముయ్యలేదు, మరుసటి ఏడు చూద్దామన్నారు.

చున్యె కొట్టు వెనక తొట్టి దగ్గరే ఉంది, రువాన్ వెళ్ళేసరికి.

"జ్వరం వల్లే కదా?" అంది రువాన్.

"కొంత. ఒక పంక్తి మళ్ళీ వదిలేశాను టీచర్. ఎంత చూసినా తప్పు కనబడలేదు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

రువాన్ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. తిట్టడానికి నోరు తెరిచింది. మూసుకుంది. "సరే," అంది. "ఇంకో మార్చి ఉంది. ఇంకొక్కటే. ఆ పంక్తిలో తప్పేమిటో ఇప్పుడు చూద్దాం. చేతులు కడుక్కోకు, విను."

మరుసటి మార్చిలో గేటు దగ్గర యెన్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలందరూ వచ్చారు, ఒక్కరికీ జ్వరం లేదు. ఆఖరున, ఇంకా చేపల వాసన పోని చేతులతో, పాత విద్యార్థినిగా చున్యె వచ్చింది.

"ఒంట్లో ఎలా ఉందమ్మా?" అన్నాడు యెన్.

"బాగుంది సార్."

"లేకపోయినా చెప్పేదానివేలే," అని పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు. ఆ పిల్ల మెట్లన్నీ ఎక్కి తలుపులో మాయమయ్యేదాకా చూసి, వ్యాను వైపు నడిచాడు. లావో తాన్ అప్పటికే రేడియో తిప్పుతున్నాడు. రువాన్ ఒళ్ళో రెండు కాగితాలు పెట్టుకుని, ఒకటి అతనికి అందించింది.